అమ్మమ్మకు ఇవ్వకూడని సలహాలు

బిడ్డ చనిపోయింది. అల్లుడు మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మనుమరాలిని చూడనివ్వడం లేదు. జమ్మికుంటలో ఇలాంటి అమ్మమ్మకు పత్తి మార్కెట్ దగ్గరి చాయ్ హోటల్ నుంచి కులసంఘం దాకా సలహాలకు కొదువ ఉండదు. వాటిలో చాలావరకు ఆమెను ముంచేవే.

అందరూ చెప్పేది 'పెద్దమనుషుల్ల కూసొని బాండు పేపర్ రాయించుకో' అని. వంద రూపాయల స్టాంపు కాగితం మీద 'నెలకు రెండుసార్లు పాపను పంపిస్త' అని రాస్తారు. అల్లుడు సంతకం పెడతాడు, సాక్షులు వేలిముద్ర వేస్తారు. ఆరు నెలలకు అతను పంపడం మానేస్తే ఆ కాగితంతో పిల్లను రప్పించలేం, అది కోర్టు ఉత్తర్వు కాదు. అలాగని చింపేయొద్దు. అమ్మమ్మ రాకపోకలకు తండ్రి ఒకప్పుడు ఒప్పుకున్నాడనడానికి అది సాక్ష్యం.

'తండ్రి ఉండంగ నీకేం హక్కున్నది?' అనేది సగం నిజం. 1956 చట్టం ప్రకారం హిందూ పిల్లలకు సహజ సంరక్షకుడు తండ్రి, తర్వాత తల్లి. మనుమలను చూసే హక్కు అంటూ అమ్మమ్మలకు విడిగా సెక్షనేదీ లేదు. కానీ 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బంధువే కాదు, స్నేహితుడూ పిటిషన్ వేయొచ్చు. జడ్జి ముందుగా చూసేది పిల్ల మేలు. 2008లో నీల్ రతన్ కుందు కేసులో తండ్రి వరకట్న మరణం కేసు ఎదుర్కొంటున్నాడు. సుప్రీంకోర్టు పిల్లాడిని అమ్మమ్మ, తాతల దగ్గరే ఉంచింది. 2019లో తేజస్విని గౌడ్ కేసులో పాపను తండ్రికే ఇచ్చింది, తల్లి తరఫువాళ్లు చూసే వీలు మాత్రం కల్పించింది. ఆకెళ్ల లలిత కేసులో తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాక నానమ్మ, తాతలు కోర్టుకెళ్లారు. కింది కోర్టు కస్టడీ ఇవ్వలేదు కానీ చూడటానికి అనుమతించింది. కాబట్టి తండ్రి బాగా చూసుకుంటుంటే కస్టడీ కోసం పట్టుబట్టకుండా పండుగలకు, సెలవులకు చూడనివ్వమని అడగండి.

'బడి కాడికి పోయి తీస్కరా' అనేవాళ్ల మాట అసలే వినొద్దు. కిడ్నాప్ కేసు మీదికొస్తుంది, తండ్రి హైకోర్టులో హెబియస్ కార్పస్ వేస్తాడు. పిల్లకు తండ్రి మీద మాటలు నూరిపోయడం అంతకంటే పాపం. ఊహ తెలిసిన పిల్లను జడ్జి చాంబర్‌లో స్వయంగా అడగొచ్చు. నేర్పిన మాట అక్కడ ఇట్టే బయటపడుతుంది.

పిటిషన్ వేయాల్సింది పిల్ల మామూలుగా ఉండే ఊరి కోర్టులో. పాప హనుమకొండలో ఉంటే కరీంనగర్‌లో వేసి లాభం లేదు. తుది తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతర ఉత్తర్వు అడగొచ్చు. టీకాల కార్డు, బడి ఫీజు రసీదులు, మీ ఇంట్లో పెరిగిన నాటి ఫొటోలు జాగ్రత్త చేయండి. లాయర్ ఫీజుకు పొలం తాకట్టు పెట్టొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, హెల్ప్‌లైన్ 15100.

పెద్దమనుషులకు నా విన్నపం ఒక్కటే. బాండు పేపర్ కొనే ముందు ఆ తల్లిని కరీంనగర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకెళ్లండి.