ఎన్క అద్దమే గదా!

హైదరాబాదులో అడిక్‌మెట్ చౌరస్తా దగ్గర పొద్దున్నే కాసేపు నిలబడండి. టెంట్‌హౌస్ కుర్చీలతో ఒకటి, మంచినీళ్ల క్యాన్లతో ఒకటి, ఆజమాబాద్ వైపు నుంచి ఇనుప పైపులతో ఒకటి, పికప్ బండ్లు వరసగా పోతుంటాయి. వాటిలో కొన్ని వెనక అద్దానికి బ్రౌన్ టేపుతో నామాలు పెట్టుకుని కనబడతాయి. అడ్డంగా పగిలినవాటికి విభూతి రేఖలు, నిలువుగా పగిలినవాటికి తిరునామం. శైవమా వైష్ణవమా అన్నది పగులే తేలుస్తుంది. ఓనర్ల మతం మాత్రం ఒక్కటే: "ఎన్క అద్దమే గదన్నా, ఏమైతది?"

ఇదే ఓనరుకి ముందు అద్దం మీద గోరంత చుక్క పడనివ్వండి. రాత్రి అన్నం సయించదు. రాణిగంజ్‌లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు వెళ్తాయి. వెనక అద్దం ఈ మూల నుంచి ఆ మూలకు పగిలి, వానొచ్చినప్పుడల్లా సీటు వెనక్కి నీళ్లు వదులుతున్నా సరే, అది సవతి బిడ్డే. దానికి వైద్యం ఇంట్లోనే, చేతికి దొరికినదాంతోనే.

చట్టానికి మాత్రం ఈ తేడా తెలియదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో నూరో నిబంధన ముందు అద్దం, వెనక అద్దం రెండూ 70 శాతం వెలుతురుని లోపలికి రానివ్వాలంటుంది. పక్క అద్దాలకు 50 శాతం చాలంది. అంటే పగలూ రాత్రీ ఓనరు తుడిచి మెరిపించే పక్క అద్దాల కన్నా ఈ సవతి బిడ్డకే పెద్దపీట వేసింది. ఆ నిబంధన పట్టుకునే సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్ 27న బండి అద్దాల మీద నల్ల ఫిల్ములు వద్దంది. మన పికప్ ఓనరు కోర్టు మాట జవదాటలేదు. ఫిల్ము వేయలేదు, ఫ్లెక్సీ వేశాడు. గల్లీ నాయకుడి జన్మదిన శుభాకాంక్షల ఫ్లెక్సీని కత్తెరతో కోసి పగులు మీద అతికించాడు. కోసినంతలో దక్కినవి నమస్కారం పెడుతున్న ఒక చెయ్యి, సగం మీసం, "గారికి" అన్న మాట. వెలుతురు సున్నా శాతం, వినయం నూరు శాతం. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి బండ్లలో నాయకుడికి బదులు హీరో ఉంటాడు. సినిమా మారినా హీరో మారడు, ఎందుకంటే కింద పగులు మారలేదు. పగులు ఎటు పాకితే స్టిక్కరు అటు పెరుగుతుంది. ముందు తల ఒక్కటే ఉండేది, ఈ వానాకాలానికి చేతిలోకి గొడ్డలి కూడా వచ్చింది.

"లోడు ఏసినంక ఎన్కకెల్లి ఏం కనవడ్తదన్నా? సైడ్ మిర్రర్లే సూస్తం" అనేది వీళ్ల పెద్ద వాదన. లోడు ఉన్నప్పుడు నిజమే. మరి లోడు దింపి ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడు, ఇరుకు గల్లీలో రివర్సు తీసేటప్పుడు? అప్పటికి క్లీనరు కుర్రాడు బండి బాడీని చేత్తో బాదుతూ "రానీ, రానీ, రానీ" అంటాడు. అద్దం చెయ్యాల్సిన పని ఆ గొంతు చేస్తోంది.

ఓనర్లకు ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటుంది. కంపెనీ నుంచి వచ్చే వెనక అద్దం మామూలుగా టఫెన్డ్ గాజు. దాన్ని ఆరు వందల డిగ్రీలు దాటేదాకా వేడి చేసి, రెండు వైపులా ఒక్కసారిగా గాలి కొట్టి చల్లారుస్తారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలిది తర్వాత చల్లారుతూ, ముడుచుకుంటూ పైపొరను బిగించి పట్టుకుంటుంది. దాని బలమంతా ఆ బిగువులోనే. ఆ బిగువు ఎక్కడ తెగినా అద్దం మొత్తం క్షణంలో జొన్నగింజలంతేసి ముక్కలై రాలిపోతుంది. టఫెన్డ్ గాజు ఉంటే అద్దంగా ఉంటుంది, లేకపోతే గింజలుగా ఉంటుంది. ఆర్నెల్లు పగులుతో కాపురం చేసే స్వభావం దానికి లేదు.

అలాంటప్పుడు మన బండికి ఆర్నెల్లుగా టేపు కింద నెమ్మదిగా పాకుతున్న ఆ గాజు ఏమిటి? లామినేటెడ్ అయితే అదృష్టం. రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది, పగిలినా పట్టుకుని నిలబడుతుంది. ఫ్రాన్సులో బెనెడిక్టస్ అనే రసాయనవేత్త 1903లో కింద పడిన సీసా పగిలి కూడా విడిపోకపోవడం చూసి, లోపల ఆరిపోయిన రసాయనం పొరే దాన్ని పట్టి ఉంచిందని కనిపెట్టాడు. మన ముందు అద్దాలు ఆ సీసాకి వారసులు. కానీ మన బండికి పడింది చాలాసార్లు ఆ వంశపు గాజు కాదు. ఇదివరకోసారి వినాయక నిమజ్జనానికి డీజే బాక్సులు ఆనించినప్పుడు అసలు అద్దం గింజలై పోయింది. అప్పుడు ఓనరు గాజు షాపుకి వెళ్లి కొలతలిచ్చాడు. "కంపెనీ గ్లాసే, అర్ధగంటల కోసిస్తం" అన్నారు. టఫెన్డ్ గాజుని ఒకసారి తయారయ్యాక కొయ్యడం సాధ్యం కాదు, కోస్తే గింజలే. అర్ధగంటలో కోసి ఇచ్చారంటే, డ్రెస్సింగ్ టేబుల్‌కి పోవాల్సిన సాదా గాజు దారి తప్పి డ్రైవరు మెడ వెనక కూర్చుందన్నమాట. సాదా గాజు పగిలితే గింజలు రావు, కత్తులొస్తాయి. దాని వెనకాలే ఇనుప పైపులు. వీఎస్‌టీ దగ్గర ఎవరో బైకు అడ్డం తెచ్చాడని సడన్ బ్రేకు వేసిన రోజు "ఏమైతది" అన్న ప్రశ్నకు జవాబు వస్తుంది. ఆ జవాబు వచ్చేది ఓనరుకు కాదు, సీట్లో కూర్చున్నవాడికి.

ఇక వైద్యశాస్త్రం. చాయ్ బండి దగ్గర నిలబడి "అద్దం కారుతోంది" అని ఒక్క మాట అనండి చాలు, నలుగురు స్పెషలిస్టులు తయారవుతారు. ఒకాయన ఎం-సీల్ అంటాడు. నలుపూ తెలుపూ రెండు ముద్దలు కలిపి పిసికితే గంటలో రాయి అవుతుంది. చిక్కు కూడా అదే, రాయి అవుతుంది. క్యాబిన్ రేకు గుంత గుంతకీ మెలిపడుతుంది, స్పీడు బ్రేకరు ఎక్కిన ప్రతిసారీ వొళ్లు విరుచుకుంటుంది. ఆ కదలికను ఓర్చుకోడానికే అద్దం చుట్టూ రబ్బరు పెట్టారు. రాయికి ఓర్పు ఎక్కడిది? అడిక్‌మెట్‌లో పెట్టిన ఎం-సీల్ నారాయణగూడ చేరేలోపు పెచ్చులూడుతుంది. ఓనరు చలించడు. "జర తక్కువ పడ్డది" అని ఇంకో ప్యాకెట్ కొంటాడు.

రెండో స్పెషలిస్టుది సిలికాన్. బాత్రూము సింకుకి పూసే చౌక ట్యూబు, గన్నుతో సహా పక్కింటి ప్లంబరు దగ్గర అప్పు దొరుకుతుంది. పూయగానే క్యాబినంతా వెనిగర్ వాసన. అది ఊరికే వచ్చే వాసన కాదు, ఆ రకం సిలికాన్ ఆరుతూ ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లం దిగేది ఎక్కడికి? రబ్బరు కింద, రంగు లేచిపోయి ఇనుము బయటపడ్డ అంచు మీదికే. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బిన అంచు గాజుని కింద నుంచి నొక్కుతుంది. కొత్త పగులు మొదలు. అప్పుడు మళ్లీ సిలికాన్. మందే రోగాన్ని పోషించే ఈ వ్యాపార రహస్యం తెలిస్తే పెద్ద పెద్ద ఆస్పత్రులు కూడా సిగ్గుపడతాయి. చివరికి ఎప్పుడో సరైన పనివాడి దగ్గరికి పోతే అతను ముందు వాసన చూస్తాడు, తర్వాత ఓనరు మొహం చూస్తాడు. సిలికాన్ జిడ్డు ఉన్నచోట అద్దాలు అతికించే అసలు గమ్ము పట్టదు. అదంతా గీకడానికి కూలి వేరే.

ఇన్ని మందులూ పగులుకే. నీళ్లు కారేది మాత్రం చాలా బండ్లలో పగులులోంచి కాదు, రబ్బరు బీడింగులోంచి. హైదరాబాదు ఎండకి రబ్బరు గట్టిపడి, కుదించుకుపోయి, మూలల్లో సందు వదులుతుంది. పగులు కంటికి కనిపిస్తుంది కాబట్టి ముద్దాయి అయింది. రబ్బరు నల్లగా, నిశ్శబ్దంగా చుట్టూ ఉంటుంది కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాదు. తేల్చుకోడానికి ఇంజనీరు అక్కర్లేదు. ఒకరు ఫోను టార్చి పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయటి నుంచి చెంబుతో నీళ్లు పొయ్యాలి. కింది అంచు దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పైకి రావాలి. పైనుంచి పోస్తే అన్ని చోట్లా ఒకేసారి తడిసి ఏమీ తేలదు. తడి మొదట కనబడ్డచోట చాక్‌పీసు గుర్తు. అంతే. ఆ తర్వాత కొత్త బీడింగు అద్దానికి తొడిగి, దాని గాడిలో తాడు పెట్టి, సబ్బునీళ్లు రాసి, లోపల్నుంచి తాడు లాగుతూ పోతే రబ్బరు అంచు రేకు మీదికి చక్కగా ఎక్కి కూర్చుంటుంది. పని తెలిసినవాడు చేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. కొన్ని లోకల్ కిరాయిల సొమ్ముతో, ఒక పూటలో అయిపోయే పని. అందుకే ఎవరూ చేయించరు కాబోలు, ఇంత తొందరగా అయిపోతే చాయ్ బండి దగ్గర మాట్లాడుకోడానికి ఏం మిగులుతుంది?

ముహూర్తాల సంగతి చెప్పకపోతే వీళ్లకు అన్యాయం చేసినట్టు. ఎండాకాలంలో వానే లేదు, తొందరేముంది. మృగశిర కార్తె వస్తుంది, ఆ రోజు రామ్‌నగర్ చేపల మార్కెట్టుకి బండి తిప్పితే కాలు కింద పెట్టే తీరిక ఉండదు. తర్వాత బోనాలు. బోనాలయ్యాక శ్రావణంలో పెళ్లిళ్లు, టెంట్‌హౌస్ గిరాకీ. ఆ వెంటనే వినాయకుడు. నిమజ్జనం అయ్యేదాకా అద్దం మారిస్తే దండగ, పిల్లలు ఎలాగూ దాని మీదే వీపు ఆనించి డాన్సులు చేస్తారు. దసరాకి ఆయుధపూజ. బండికి గుమ్మడికాయ, నిమ్మకాయలు, పసుపు కుంకుమ అన్నీ పడతాయి, పగులుకి కూడా బొట్టు పెడతారు. దసరా దాటితే వానలు వెళ్లిపోయాయి కదా, ఇప్పుడెందుకు? 2020 అక్టోబరు 13 రాత్రి ఈ పంచాంగం ఒక్కసారి తప్పింది. వానలు వెళ్లిపోయే వేళ ఊరంతా మునిగింది. హుస్సేన్‌సాగర్ నాలా పొడుగునా ఉన్న బస్తీలు నీళ్లలో నిలబడ్డాయి. ఆ రాత్రి బండ్లలోకి నీళ్లు అద్దంలోంచి రాలేదు, తలుపుల్లోంచే వచ్చాయి. "సూడన్నా, అద్దం మార్చినా ఇట్లనే అయ్యేటిది" అని తేల్చుకునే అవకాశం దొరికింది. ఒక వరదని ఇంత చక్కగా వాడుకున్నవాళ్లు మునిసిపాలిటీలో కూడా లేరు.

ఈ అద్దం కింద నలిగేవాళ్లలో డ్రైవరు తర్వాతి స్థానం అశోక్‌నగర్‌లో సర్కారు కొలువుల పరీక్షలకు చదివే కుర్రాళ్లది. నోటిఫికేషన్ వస్తే రూము మారతారు, రద్దయితే రూము మారతారు. పరుపూ కుర్చీ వెనక వేసి, పుస్తకాల మూట తడుస్తుందని ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంటారు. గ్రూప్-1 ప్రిలిమ్స్ రాసి, పేపర్ల లీకేజీ మీద సిట్ దర్యాప్తు చూసి, 2023 మార్చిలో పరీక్ష రద్దయినా తట్టుకున్నవాళ్లు. చిక్కడపల్లి లైబ్రరీ దాటగానే వాన మొదలవుతుంది. "తమ్మీ, జర గిటు జరుగు, ఆడ కారుతది" అంటాడు డ్రైవరు. అంటే ఎక్కడ కారుతుందో అంగుళాలతో సహా అతనికి తెలుసు. ఓనరుకీ తెలుసు. తెలిసిన లీకు మీద చర్య ఏమిటంటే పక్కకి జరగడం. ఆ కుర్రాడికి రాజ్యాంగంలో ఏ అధికరణ ఏం చెబుతుందో నిద్రలో లేపినా వస్తుంది. నూరో నిబంధన మాత్రం సిలబస్‌లో లేదు, అందుకని మారు మాట్లాడకుండా జరుగుతాడు, పాలిటీ నోట్సుని చొక్కా లోపలికి దోపుకుంటూ.

ఇన్సూరెన్సు గురించి ఒక్క ముక్క. ఫుల్ ఇన్సూరెన్సు ఉన్న బండికి విడిభాగాలు మార్చినప్పుడు తరుగు కోస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ వస్తువులకి సగం కోత. గాజుకి మాత్రం కోత సున్నా. అన్ని భాగాల్లోకీ కంపెనీవాళ్లు గారాబం చేసేది గాజునే. ఆ గారాబం మన ఓనరుకి అందదు. చాలామందికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ, అది ఎదుటివాడి నష్టానికి తప్ప సొంత అద్దానికి పైసా ఇవ్వదు. ఫుల్ పాలసీ ఉన్నవాడు నో క్లెయిమ్ బోనస్ పోతుందని అడగడు. బోనసు కాపాడుకుంటూ పోగేసిన సొమ్ము ఎం-సీల్ అంగడిలో ఇచ్చి వస్తాడు.

ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా ఫిట్‌నెస్ కావాలి. ఆ పరీక్షకు ముందురోజు ఒక మహత్తు జరుగుతుంది. టేపు ఊడుతుంది, ఫ్లెక్సీ దిగుతుంది, సగం మీసపు నాయకుడు సీటు కింద విశ్రాంతి తీసుకుంటాడు, ఎవరిదో బండి అద్దం ఒక పూట అప్పు వస్తుంది. ఆ ఒక్క పూట కోసం బీడింగు తీసి పెట్టడం, మళ్లీ తీసి పెట్టడం చేస్తారు. తమకు ఆ పని చేతనౌనన్న సంగతి మర్నాటికే మర్చిపోతారు.

ఆఖరికి బండి అమ్మకానికి వస్తుంది. కొనేవాడు చుట్టూ తిరిగి చూస్తాడు, టైర్లు తన్ని చూస్తాడు, ఇంజను స్టార్టు చేయించి చెవి పెడతాడు.

"కాగితాలు ఎట్లున్నయన్నా?"

"అన్ని క్లియర్" అని ఓనరు సీటు వెనక అరలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇస్తాడు. పర్మిట్టు, ఫిట్‌నెస్, పాత ఇన్సూరెన్సు, మూడూ ఒకదానికొకటి అతుక్కుని ఒకే అట్ట అయ్యాయి. సిరా మొత్తం కడుక్కుపోయి నిజంగానే క్లియరుగా ఉన్నాయి. కొనేవాడు ఆ అట్టని అటూ ఇటూ తిప్పి, తల పైకెత్తి అద్దం కేసి చూస్తాడు.

"ఎన్క అద్దమే గదా" అని ఐదు వందలు తగ్గించమంటాడు. మూడు వందల దగ్గర బేరం తెగుతుంది, మిగిలిన టేపు ఉండ ఫ్రీ.