బడ్జెట్ లేదు గానీ ట్విస్టుంది

లోబడ్జెట్ క్రైమ్ థ్రిల్లర్ డైరెక్టర్ని ఫిల్మ్‌నగర్‌లో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కథేంటని అడిగితే జానర్ చెబుతాడు. జానర్ అడిగితే ఓ కొరియన్ సినిమా పేరు చెబుతాడు. సినిమా ఎందుకిలా వచ్చిందని అడిగితే మాత్రం బడ్జెట్ చెబుతాడు. "ఇంకో యాభై లక్షలు చేతిలో ఉంటే వేరే లెవెలండీ" అంటాడు. అబద్ధమాడే మనిషి కాదు పాపం, మనస్ఫూర్తిగా నమ్మే అంటాడు. ఆయన నమ్మకంతోనే నా పేచీ. ఆయన సినిమాలో ప్రేక్షకుణ్ణి సీట్లో అటూ ఇటూ కదిలించే లోపాల్లో చాలావాటికి డబ్బుతో సంబంధమే లేదు. ఆ యాభై లక్షలూ దొరికితే అవే లోపాలు ఇంకాస్త మంచి లైటింగులో కనిపిస్తాయి, అంతే.

శవం దగ్గర్నుంచే చూద్దాం, ఆయనా అక్కడే మొదలుపెడతాడు గనక. శామీర్‌పేట వైపు ఒక్క రోజుకి మాట్లాడుకున్న గెస్ట్‌హౌస్, నీలం లైటు, గదినిండా పొగ. ఆ పొగ ఎక్కణ్ణుంచి వస్తోందో పోలీసులు కూడా అడగరు. కింద పడుకున్న జూనియర్ ఆర్టిస్టు కనురెప్ప ఒకసారి అదురుతుంది. వారం రోజుల గడ్డంతో, జీన్స్ ప్యాంటుతో ఇన్‌స్పెక్టర్ దిగుతాడు. జేబురుమాలుతో కత్తి పైకెత్తి, కిటికీలోంచి దూరంగా చూసి, "ఇది ఒక్కడు చేసిన పని కాదు" అంటాడు. పంచనామా లేదు, పంచులు లేరు, ఫొటోలు తీసేవాడు లేడు. టీ వచ్చేలోపు పోస్ట్‌మార్టం రిపోర్టు, డీఎన్‌ఏ రిపోర్టు ఒకే కవర్లో వచ్చేస్తాయి. అసలు జరిగేదేమిటి? ఇద్దరు ముగ్గురు స్థానికుల్ని కూర్చోబెట్టి శవ పంచనామా రాస్తారు, శవం పెద్దాసుపత్రికి పోతుంది, విసెరా సీసాలకి సీలేసి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబుకి పంపుతారు, ఇక రిపోర్టు కోసం ఎస్సై పడిగాపులు పడతాడు. ఆ పడిగాపుల్లో ఉన్న సస్పెన్సు ఆయన సినిమా మొత్తం మీద లేదు. అనుమానితుణ్ణి గోడౌన్లో ఎనిమిది రోజులు కుర్చీకి కట్టేస్తారే, అదీ అంతే. అరెస్టు చేసినవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతోంది. నిజం రాబట్టడానికి ఒక్క రోజే గడువున్న పోలీసాయన కథ అప్పటికే సగం థ్రిల్లరు. పైసా అడక్కుండా రాజ్యాంగం ఇచ్చిన స్క్రీన్‌ప్లే అది. ఆయన వాడుకోడు.

మరి ఉన్న డబ్బు ఎటు పోయింది? ఔటర్ రింగ్ రోడ్డు మీద డ్రోన్ షాట్లకి పోయింది. కథకి ఆ రోడ్డుతో పనుండదు, పైనుంచి చూస్తే హాలీవుడ్ లుక్ వస్తుందని తీశారు. మిగతాది రీరికార్డింగ్‌కి పోయింది. తలుపు తీసినా, ఫ్రిజ్ మూసినా, హీరోయిన్ తల తుడుచుకున్నా ఢామ్మని డ్రమ్ములు మోగాలి కదా. పప్పులో ఉప్పు చూసేవాళ్లు లేని పెళ్లికి మూడు బ్యాండు మేళాలు మాట్లాడినట్టుంటుంది వ్యవహారం. స్క్రిప్టుని ఒక రిటైర్డ్ కానిస్టేబుల్‌కి చదివి వినిపిస్తే అయ్యే ఖర్చు రెండు కాఫీలు. ఆ పద్దు మాత్రం ఏ షెడ్యూల్లోనూ కనబడదు.

ఇక్కడ ఆయన అభ్యంతరం న్యాయమైనదే. డబ్బు లేకపోతే కాల్‌షీట్లు తగ్గుతాయి, రెండో టేక్ ఉండదు, సాయంత్రం ఆరింటికి లొకేషన్ ఖాళీ చేయాలి. "మీరు కూర్చుని రాస్తారు, మేం నిలబడి తీస్తాం" అంటాడు. ఒప్పుకోవాల్సిందే. కానీ క్రిస్టఫర్ నోలన్ తొలి సినిమా 'ఫాలోయింగ్' (1998) ఇంతకంటే ఇరుకులోనే పుట్టింది. ఎక్కువ ఫిల్మ్ కొనడానికి డబ్బుల్లేక, సెలవు రోజుల్లో తీస్తూ, ఒకటి రెండు టేకుల్లో సీను ముగించేలా నటుల చేత ముందే బాగా రిహార్సల్ చేయించాడు. లేమి ఆయన్ని సిద్ధం చేసింది, మనాయన్ని తొందరపెట్టింది. నోలన్ సంగతి వేరంటారా? అయితే ఇంటి దగ్గరికే వద్దాం. చంద్రశేఖర్ యేలేటి 'ఐతే' (2003) దాదాపు కొత్త ముఖాలతో వచ్చి జాతీయ అవార్డు అందుకుంది. 'క్షణం' (2016) చిన్న సినిమాగానే వచ్చి, పెద్ద సినిమాలు చూసేవాళ్లని కూర్చోబెట్టింది. వీటిలో ఔటర్ రింగ్ రోడ్డుని ఆకాశంలోంచి చూపించి గెలిచింది ఏదీ లేదు.

ఆయన రెండో అభ్యంతరం మరీ గట్టిది: జనానికి ట్విస్టు కావాలి. కావాలి, కాదన్నదెవరు? కానీ ట్విస్టంటే ముందు మన కళ్లెదుటే పడున్న వస్తువు ఒక్కసారిగా వేరే అర్థంతో కనబడటం. ఆయన ట్విస్టు అలా కాదు. హంతకుడికి కవల తమ్ముడున్నాడని గంటా యాభై నిమిషాల దగ్గర మొదటిసారి తెలుస్తుంది. లేకపోతే హీరోకే స్ప్లిట్ పర్సనాలిటీ, ఒక డాక్టర్ తెల్లకోటేసుకొచ్చి నాలుగు నిమిషాలు పాఠం చెబుతాడు. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' (2019) నెల్లూరులో ఓ మామూలు డిటెక్టివ్‌ని, రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల్ని పట్టుకుని కథ నడిపింది. అందులో ఆశ్చర్యం మనం చూస్తూ వదిలేసిన చోటునుంచే వస్తుంది. ప్రేక్షకుడు మోసపోవడానికి సిద్ధంగానే వస్తాడు. మోసానికి కూడా కొంత శ్రమ పడమంటాడు, అంతే.

ఇన్ని చెప్పాక ఆయనకి దక్కాల్సింది దక్కాలి. కృష్ణానగర్ టీకొట్ల దగ్గర అద్భుతమైన కథలు చెప్పేవాళ్లు చాలామందున్నారు. వాళ్ల సినిమాలు ఎప్పటికీ క్లాప్ దాకా రావు. ఈయన మాత్రం అప్పుచేసో, బావమరిది చేత స్థలం అమ్మించో, ఎండ్ టైటిల్ దాకా వచ్చాడు. ఆ టైటిల్స్ తర్వాత తెర నల్లబడి, ఒక ఫోన్ మోగి, పార్ట్ 2 ఉందని కూడా చెబుతాడు. అసలు హంతకుడెవరో అందులో తేలుతుందట. ఆ హంతకుడు లండన్‌లో ఉంటాడు. ఎందుకు లండన్ అంటే, నిర్మాత పెద్దల్లుడు అక్కడే ఉంటాడు కాబట్టి, రూము ఖర్చు కలిసొస్తుంది.