రావిర్యాల ఖాస్రా పహాణీ చెప్పుకున్న కథ

నేను పుట్టింది ఫసలీ 1364లో. ఫసలీకి 590 కలుపుకుంటే మీ సంవత్సరం వస్తుంది: 1954–55. హైదరాబాద్ పక్కనున్న రావిర్యాల శివారులో ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉంది, దాన్ని ఎవరు దున్నుతున్నారు, ఆ ఏడు అందులో ఏం పండింది అని చేను చేనుకూ తిరిగి రాసిన రిజిస్టరును నేను. ఖాస్రా పహాణీ అంటారు నన్ను. రెవెన్యూ దఫ్తరులో పని ఉన్నవాళ్లు ఆ మాట ఎప్పుడో ఒకప్పుడు వినే ఉంటారు.

మా వంశంలో పెద్దది సేత్వార్. సాలార్‌జంగ్ నిజాంకు దివానుగా ఉన్నప్పుడు 1865లో రాజ్యాన్ని జిల్లాలుగా విడగొట్టే జిల్లాబందీ జరిగింది, ఆ తర్వాత భూములు కొలవడం మొదలైంది. గొలుసు పొడవు 33 అడుగులు. నాలుగు పక్కలా ఒక్కో గొలుసు పడితే గుంట, నలభై గుంటలైతే ఎకరం. ఆ కొలతల మీద పుట్టింది సేత్వార్. నా తర్వాత 1955 నుంచి 58 దాకా చెస్లా పహాణీ, ఆ పైన ఏడాదికొక పహాణీ. వీటన్నిటి నడుమ నాకొక ప్రత్యేకత ఉంది, అది నేను పుట్టిన కాలం వల్ల వచ్చింది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది. మరుసటి ఏడు ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి. 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. భూమి ఎవరి పేరున ఉందో సర్కారుకు ముందే తెలుసు. భూమి మీద నిజంగా ఎవరున్నారో అప్పుడే మొదటిసారి గట్టిగా అడిగింది. ఆ ప్రశ్నకు జవాబుగా నన్ను రాశారు.

పట్వారీ ముందు నడిచేవాడు. పక్కన మాలీ పటేలు, వెంట నీరడి. చెరువు కింద తరి, ఎత్తు మీద ఖుష్కి, పశువులకు వదిలిన బంచరాయి, నీళ్లు తగ్గినప్పుడు బయటపడే శిఖం, అన్నీ నాలోకెక్కాయి. జొన్న వేసినచోట జొన్న అని, ఆముదం వేసినచోట ఆముదం అని రాశారు. ఊళ్లో ఎవరి దగ్గరా వాళ్ల తాత ఫొటో లేని కాలం అది. ఆ తాత ఫలానా ఏడు ఫలానా చెల్కలో జొన్న చల్లాడని చెప్పగలిగేదాన్ని నేనొక్కదాన్నే. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

నా పేజీలో గడులు చాలా. అందరూ చూసేది పట్టాదారు గడి. నాకు ప్రాణమైనవి దాని పక్కనున్న ఇరుకు గడులు: భూమి చేతిలో ఉన్న కబ్జాదారు, పట్టాదారుతో పాటు హక్కున్న షిక్మీదారు, చట్టం అండ ఉన్న రక్షిత కౌలుదారు. ఊరు కట్టినప్పటి నుంచి ఉన్నామని చెప్పుకునే ఇళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అడవి కొట్టి, రాళ్లు ఏరి, మొదటి సాలు దున్నిన ఇళ్లవి. వాళ్లలో చాలామందికి పట్టా ఉండేది కాదు. అది దొరల పేరునో, ఇనాందారు పేరునో ఉండేది. భూమి పని మీద వచ్చి, ముత్తాత పేరు కోసం పట్టాదారు గడి ఒక్కటే చూసి, కనబడలేదని వెళ్లిపోయినవాళ్లను నేను చాలామందినే చూశాను. పక్క గడిలో ఆయన ఉన్నాడు. వాళ్లు చూడలేదు.

ఇప్పుడు నా బాధ చెప్పుకుంటాను.

1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది. తరతరాలుగా ఒకే ఇంట్లో ఉన్న ఊరి కాగితాలను సర్కారుకు అప్పగించమన్నారు. కొన్ని చేరాయి, కొన్ని చేరలేదు. నేను కొన్నాళ్లు ఒక ఇంటి అటక మీద చెక్కపెట్టెలో ఉండిపోయాను. చెదలు నా అంచుల నుంచి మొదలుపెట్టాయి. సర్వే నంబర్లు అంచునే ఉంటాయి. నంబరు పోతే పేరు మిగిలినా అది ఏ చేనిదో తెలియదు. మరుసటి ఏడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. నన్ను ఎర్రగుడ్డలో బస్తా కట్టి ఒక దఫ్తరు మూలకు చేర్చారు. ఆ మూల వానకు కారేది. తడిసిన పేజీలను ఎండకు పెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అవి ఒకదానికొకటి అంటుకున్నాయి. తర్వాత ఎవరో అవసరపడి విడదీస్తే ఒక పేజీలోని సిరా రెండో పేజీ మీదికి పోయింది. ఇప్పుడక్కడ ఇద్దరి పేర్లు ఒకరి మీద ఒకరు పడి ఉన్నాయి.

జిరాక్సు యంత్రం మీద నా వెన్ను విరిగేలా నొక్కారు. చిరిగినచోట ప్లాస్టిక్ టేపు వేశారు. ఆ టేపు జిగురు పసుపుపచ్చగా మారి అక్షరాలను తినేసింది. కాగితానికి కాగితమే అతికించాలని, అది కూడా పిండి జిగురుతో అతికించాలని తెలిసినవాళ్లు ఈ రాష్ట్రంలో లేకపోలేదు. వాళ్ల దగ్గరికి నన్నెవరూ తీసుకుపోలేదు.

ఇవి నిర్లక్ష్యం వల్ల అయిన గాయాలు, వీటిని ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనివి తర్వాత వచ్చాయి. ఒకప్పుడు ఆముదం పండిన చెల్కల దిక్కు హార్డ్‌వేర్ పార్కు వచ్చింది, 2006లో ఫ్యాబ్ సిటీ అన్నారు. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైంది. ఔటర్ రింగు రోడ్డుకు రావిర్యాల దగ్గర ఎగ్జిట్ పడింది. 2016లో వండర్‌లా వినోద పార్కు తెరిచారు. గుంటల లెక్క పోయి గజాల లెక్క వచ్చింది. దుమ్ముపట్టి పడున్న నా కోసం కార్లు రాసాగాయి. వచ్చినవాళ్లలో నన్ను చదవడానికి వచ్చినవాళ్లు కొందరైతే, మార్చడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. నా పాత సిరా మీద బాల్‌పెన్నుతో దిద్దారు. ఒకచోట తండ్రి పేరు గీకేశారు. కొన్ని పేజీలు కుట్టు దగ్గర నుంచే లేవు. చింపినవాడికి అది భూమి కాగితం. ఆ పేజీలో ఉన్న మిగతా పది ఇళ్లకు అది తమ పెద్దల పేరు రాసి ఉన్న ఒకే ఒక్క చోటు కావచ్చు. దానికి ఏ పరిహారమూ లేదు.

2017లో భూ రికార్డుల ప్రక్షాళన జరిగింది. 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చింది. ధరణి రికార్డులో అనుభవదారు గడి పెట్టలేదు. 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. చట్టాల మంచిచెడ్డలు తేల్చడం నా పని కాదు. కాని ఇంటి చరిత్ర వెతికేవాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇవాళ కౌలుకు దున్నుతున్న మనిషిని, ఎనభై ఏళ్ల తర్వాత అతని మునిమనుమరాలు ఎక్కడ వెతుక్కుంటుంది?

ఆ మాట ఊరికే అనలేదు. ఒక మునిమనుమరాలు నిజంగానే వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఉద్యోగం చేసే పిల్ల. వెంట వాళ్ల నానమ్మ. భూమి తగాదా లేదు, అమ్మకం లేదు. మా ఇల్లు ఈ ఊళ్లో ఎంత పాతదో తెలుసుకోవాలని వచ్చామన్నారు. నా దగ్గరికి ఆ పని మీద ఎవరూ రాలేదు అంతకుముందు.

ఆ పిల్ల సరైన దారిలోనే వచ్చింది. ఇప్పటి పాసుబుక్కు నుంచి మొదలుపెట్టి పాత పహాణీలు ఒక్కో ఏడూ వెనక్కి తిప్పుకుంటూ పోయింది. పేరు మారినచోటల్లా ఆగింది. రిమార్కుల గడిలో విరాసత్ అని ఉంటే తండ్రి పోయి కొడుకు పేరు ఎక్కిందని అర్థం. ఆ పేరు మార్పులు రాసే ఫైసల్ పట్టీని ఆ ఏడుది తీయించి చూసుకుంది. 1970ల నాటి ఒక పహాణీలో 38-ఇ సర్టిఫికెట్ అని కనిపించింది. అంటే ఆ ఇంటికి పట్టా వచ్చింది అప్పుడే, కౌలుదారీ చట్టం కింద. అంతకుముందు వాళ్లు ఇంకొకరి పట్టాలో దున్నినవాళ్లు. అక్కడి నుంచి నా దగ్గరికి వచ్చారు.

నా రాత ఉర్దూ. ఉర్దూ బడిలో చదువుకున్న పెద్దాయన ఒకాయనను బతిమాలి తీసుకొచ్చారు. ఉర్దూలో పొట్టి అచ్చులు రాయరు, ఒత్తు గుర్తు చాలాసార్లు వదిలేస్తారు. ఎల్లయ్య అని రాసినా ఐలయ్య అని రాసినా పట్వారీ తొందర రాతలో ఒక్కలాగే ఉంటాయి. ఇంటిపేర్లు రాసే అలవాటు తక్కువ. "వల్ద్" అని తండ్రి పేరు రాసి వదిలేస్తారు. పైగా మన ఇళ్లలో తాత పేరు మనుమడికి పెడతారు. మల్లయ్య వల్ద్ ఎల్లయ్య, ఎల్లయ్య వల్ద్ మల్లయ్య, మళ్లీ మల్లయ్య వల్ద్ ఎల్లయ్య. ఏ మల్లయ్య తాతో, ఏ మల్లయ్య మనుమడో పేరును బట్టి తేలదు. సర్వే నంబరును, పక్క చేన్లవాళ్లను, విరాసత్ ఏడును కలిపి చూస్తేనే తేలుతుంది.

"తాతా, జర మళ్ల సదువుండ్రి," అంది పిల్ల.

పెద్దాయన కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాడు. రక్షిత కౌలుదారు గడి. పేరు, వల్ద్, తండ్రి పేరు.

"గది మా మామనే బిడ్డా," అంది నానమ్మ. "వల్ద్ అన్న పేరు మా మామ నాయనది. ఆయన్ని నేను సూడలే. చెరువు కింద మడి ఆయనే కొట్టిండని చెప్పేటోళ్లు."

ఒక్క వరుసలో రెండు తరాలు. కొడుక్కి నేను పుట్టేనాటికి యాభై ఏళ్లు ఉంటే, తండ్రి సేత్వార్ కాలంలో పెరిగిన మనిషి. అంతకు వెనక్కి నేను తీసుకుపోలేను. సేత్వార్‌లో పట్టాదారే తప్ప దున్నినవాడు కనబడడు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబు నాటి దక్కన్ కాగితాలు కూడా ఉన్నాయి, కాని వాటిలో సుబేదార్లు, మన్సబ్‌దార్లు, జీతాలు, గుర్రాలు ఎక్కువ. రైతు పేరు అరుదు.

కాగితం ఆగినచోట నోటి లెక్క ఉండేది. ఈ పిల్ల ఇంటివాళ్లు ముదిరాజులు. కాకిపడగలవాళ్లు వచ్చి, పటం కట్టి, పాండవుల కథ చెప్పి, ఇంటి గోత్రం చదివి వెళ్లేవారని నానమ్మ చెప్పింది. రెడ్లకు పిచ్చకుంట్లవాళ్లు, గొల్లలకు మందెచ్చులవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు అట్లాగే వచ్చేవారు. నేను శిస్తు కోసం పుట్టాను. వాళ్లు ఆ ఇంటి కోసమే పుట్టినవాళ్లు. వాళ్ల ముందు నేను చిన్నదాన్నే. వాళ్లు చెప్పినవి రాసిపెట్టుకున్న ఇళ్లు తక్కువ కావడం నాకు నా చినిగిన పేజీలంత బాధ.

నాకు దూరపు చుట్టాలున్నారు, వాళ్లను తలుచుకుంటే ఆశ్చర్యమేస్తుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ డర్బన్ చేరింది, చెరకు తోటల్లోకి కూలీలను మోసుకుని. ఆ ఓడలోనూ, తర్వాతి ఓడల్లోనూ ఎక్కినవాళ్ల పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, చివరికి ఒంటి మీది మచ్చలు కూడా ఓడ జాబితాలో రాశారు. ఆ జాబితాలను భద్రంగా దాచారు. అందుకే దక్షిణాఫ్రికాలో పుట్టిన తెలుగు పిల్లవాడు తన పూర్వీకుల ఊరి పేరు ఈనాడు వెతికి పట్టుకోగలుగుతున్నాడు. సముద్రం దాటినవాళ్ల ఆనవాలు అట్లా దొరుకుతుంటే, ఉన్న ఊరు దాటనివాళ్ల ఆనవాలు నా చెదలు పట్టిన అంచుల్లో పోతోంది.

ఆ రోజు పెద్దాయన ఇంకో వరుస చదివాడు. అదే మడికి ఆనుకున్న తునక. కబ్జాదారు గడిలో "బేవా" అని, అంటే వితంతువు అని ఉంది, చనిపోయిన భర్త పేరుంది. ఆమె పేరు లేదు. నాలో ఆడవాళ్లు ఎక్కువగా ఇట్లాగే ఉన్నారు, ఫలానా వాని జౌజె, అంటే భార్య, లేదా ఫలానా వాని బేవా. రాసినవాడు అడగలేదు. అడిగి ఉంటే నాలో చోటుండేది.

"ఆమె మా చిన్నత్త," అంది నానమ్మ వెంటనే. "మొగడు సచ్చినంక ఒక్కతే నాగలి కట్టింది. ఊరంతా నవ్వినా ఇడ్వలే." పేరు చెప్పింది. పిల్ల జిరాక్సు కాగితం వెనక రాసుకుంది. నానమ్మ ఆగలేదు. చిన్నత్త అత్త పేరు, ఆమె పుట్టిన ఊరు, మామ అక్కచెల్లెండ్లు ఎవరెవరు, ఎవరిని ఏ ఊరికిచ్చారు, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. ఇద్దరు ఆడబిడ్డల్లో ఎవరు పెద్దో దగ్గర తడబడి, "ఉండు, మీ మేనత్తకు ఫోన్ కొట్టు, దానికి యాదుంటది," అంది. పిల్ల ఫోన్ తీసింది. అటువైపు మేనత్త, కాదు, చిన్నదే పెద్దదని వాదన పెట్టుకుంది. పిల్ల రెండు పేర్లూ రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కాగితం చాలక ఇంకో కాగితం అడిగింది.