ఏడో వార్డు కుర్చీ

మా ఊరి పంచాయతీ ఆఫీసులో ఏడో వార్డు కుర్చీ ఖాళీ. బొత్తిగా ఖాళీ అని కూడా అనలేం, దాని మీద బ్లీచింగ్ పౌడర్ బస్తా ఉంది. మెంబరుగారు కువైట్ వెళ్లిపోయారు. కోనసీమలో అదేం వింత కాదు. ఇక్కడ వార్డు మెంబరైతే ఓ టీ ఇస్తారు, అక్కడ వంట చేస్తే దీనార్లిస్తారు. వరసగా మీటింగులకి రాకపోతే సభ్యత్వం పోతుందని చట్టం. ఆవిడది పోయింది. బస్తా మాత్రం ఒక్క మీటింగూ తప్పలేదు.

ఉప ఎన్నిక పెడతారన్న కబురు టీకొట్టు దగ్గర పుట్టింది. ఆ కబురు వినగానే మా బాబాయ్ గెడ్డం గీయించుకున్నాడు.

ఆయనది పాత ఆశ. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి పనికిరారని 1994 పంచాయతీరాజ్ చట్టంలో రాశారు. అది అమల్లోకొచ్చాక ఏడాది వరకూ పుట్టినవాళ్లకి మాఫీ. బాబాయ్ మూడోవాడు ఆ గీత దాటాక పుట్టాడు. అప్పట్నుంచీ నామినేషన్ల రోజులొస్తే చాలు, వాడు అమ్మమ్మగారింటికి వెళ్లిపోయేవాడు. ఎవరైనా అడిగితే బాబాయ్ "మా చుట్టాలబ్బాయండి, ఆయ్" అనేవాడు. 2024 నవంబరులో అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడే ఇంకా కనండంటున్నారు. "నేను అప్పుడే కన్నానురా, నన్నెవడు గుర్తించాడు?" అంటాడు బాబాయ్. చుట్టాలబ్బాయికి తండ్రి దొరికాడు.

నిజానికి ఖాళీ కుర్చీలు మాకు కొత్త కాదు. 2018 ఆగస్టులో సర్పంచుల గడువు తీరింది. మళ్లీ ఓటేసింది 2021 ఫిబ్రవరిలో. మధ్యలో రెండున్నరేళ్లు రాష్ట్రంలో సుమారు పదమూడు వేల పంచాయతీలని ప్రత్యేకాధికారులే ఏలారు. కేంద్రం ఆర్థిక సంఘం నిధులకి మాత్రం ఎన్నికైన పాలకవర్గం కావాలని మెలిక పెట్టింది. మేమేదో చిన్న ఊరోళ్లం అనుకుంటే, రాజమండ్రి చూడండి. 2019లో పాలకవర్గం దిగింది, 2021 మార్చిలో చాలా ఊళ్లలో మున్సిపల్ ఎన్నికలు జరిగినా అక్కడ జరగలేదు. గోదావరి పుష్కరాలు టైముకొస్తాయి, మేయరే రాడు.

ఇంకో తమాషా. 2021లో పోటీ లేకుండా పంచాయతీ ఏకగ్రీవమైతే జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా నజరానా అన్నారు. ఎన్నిక తప్పించుకున్నందుకే అంతిస్తే, అసలు ఎన్నికే లేని ఆ రెండున్నరేళ్లకి మా ఊరికి ఎంత బాకీ పడ్డారో ఎవరైనా లెక్క కట్టారా?

సరే, బాబాయ్ నామినేషన్‌కి ఫొటో కూడా దిగొచ్చాడు. పంచాయతీ కార్యదర్శి నెమ్మదిగా చెప్పాడు: "ఏడో వార్డు ఆడవాళ్లకండి." బాబాయ్ తడుముకోలేదు. "అయితే మా ఇంటిదాని పేరున ఏసేత్తానండి, ఆయ్." ఇది మాకు అలవాటైన పనే. రావులపాలెం బస్టాండులో కిటికీలోంచి తువ్వాలేసి సీటు ఆపినట్టే. కాకపోతే బస్సులో తువ్వాలేసినాయన ఎక్కి కూర్చుంటాడు. ఇక్కడ భార్యే తువ్వాలు.

ఇంటికెళ్లేసరికి పిన్ని చేటలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బాబాయ్ సంగతంతా చెప్పాడు.

"మీటింగు ఎన్నింటికి?" అంది.

"పొద్దున్న పదకొండుకి. నువ్వు రానక్కర్లేదు, నేనెళ్లొచ్చేత్తాను."

"మీరెల్తే నేను రానట్టేగా? ఆవిడకిలాగే నాదీ పోద్ది."

బాబాయ్ మాట్లాడలేదు.

"పోనీ నేనే ఎల్తాను. ఆ పూట వంట మీరు చేత్తారా?"

బాబాయ్ చిక్కుడుకాయ ఒకటి తీసుకుని ఈనె ఎటు నుంచి తియ్యాలా అని తిప్పి తిప్పి చూశాడు. పిన్ని అది చేతిలోంచి లాక్కుని నా వైపు తిరిగింది.

"ఒరే అబ్బాయ్, కువైట్‌లో వంట చేత్తే నెలకెంతిత్తారంట్రా?"