జారిపడటానికి జామీను

మంచు మీద చెక్కెక్కి జారడమనే విద్య పుట్టుక భలే చవగ్గా జరిగింది. 1965 క్రిస్మస్ నాడు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం మస్కీగన్‌లో షెర్మన్ పోపెన్ అనే ఇంజినీరు రెండు స్కీలను పక్కపక్కన పెట్టి బిగించి తన కూతుళ్ల చేతికిచ్చాడు. పిల్లలు దిబ్బెక్కి జారారు. దానికి స్నర్ఫర్ అని పేరు పెట్టింది ఆయన భార్య. అదే పెరిగి పెద్దదై స్నోబోర్డుగా మారి, 1998లో నగానో ఒలింపిక్స్‌లోకి కూడా ఎక్కింది. ఆ పిల్లలు దిబ్బెక్కే ముందు వాళ్లను బ్యాంకు స్టేట్‌మెంటు అడిగినవాడు మాత్రం లేడు.

మా అన్నయ్య కూతురూ అల్లుడూ కొండాపూర్‌లో ఉంటారు. వచ్చే సంక్రాంతికి స్విట్జర్లాండ్ వెళ్లి స్నోబోర్డింగ్ చేయాలని సంకల్పం చెప్పుకున్నారు. ఇద్దరూ ఇంతవరకు తొక్కిన మంచు లోయర్ ట్యాంక్‌బండ్ స్నో వరల్డ్‌లోది. అదీ వాళ్లిచ్చిన కోటు వేసుకుని.

"గుల్మార్గ్ వెళ్లకూడదటమ్మా? కేబుల్ కారు ఉంది, ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు కూడా అక్కడే పెడుతున్నారు" అన్నాను.

"అక్కడికి వీసా అక్కర్లేదు కదా బాబాయ్" అంది.

ఒక ఊరికి ఇంతకు మించిన లోపం ఉండదని ఆ మాటతో అర్థమైంది.

అల్లుడు సాఫ్ట్‌వేర్ మనిషి, అన్నీ లెక్కలు కట్టే చేస్తాడు. ఆల్ప్స్‌లో కొత్త సంవత్సరం సందడి తగ్గాక ధరలు దిగుతాయి. ఫిబ్రవరిలో అక్కడి బడులకు సెలవులిచ్చాక మళ్లీ ఎక్కుతాయి. ఈ రెండింటి మధ్య పల్లంలో మన సంక్రాంతి పడుతుందని కనిపెట్టి, ఐగర్ పర్వతం ఎదురుగా ఉండే గ్రిండెల్‌వాల్డ్‌ను ఎంచుకున్నాడు. తీరా గది కోసం వెతికితే ధరలు ఆకాశంలో ఉన్నాయి. ఎందుకంటే పక్కనున్న వెంగెన్‌లో లౌబర్‌హార్న్ స్కీ పందాలు జరిగేది సరిగ్గా జనవరి మధ్యలోనే. 1930 నుంచీ నడుస్తున్న పందాలు. దాదాపు నాలుగున్నర కిలోమీటర్ల వాలు, ప్రపంచ కప్పులో అంత పొడవైనది ఇంకోటి లేదు. సంక్రాంతికి భీమవరంలో లాడ్జి దొరకదని తెలిసిన మనిషి, అక్కడా ఎవరికో ఏదో పందెం ఉంటుందని ఊహించలేకపోయాడు.

గదికి రెండు ధరలు. రద్దు చేసుకోగలిగేది ఖరీదు, రద్దుకు వీల్లేనిది చవక. చవక గది తీసుకుందామంటే వీసా వస్తుందో రాదో. వీసాకు పెడదామంటే ముందు గది చూపించాలి. ఈ చక్రంలో పడి ఒక శనివారమంతా తిరిగి, చివరికి ఖరీదైనదే పట్టుకున్నారు.

ఇక అసలు ఘట్టం వీసా. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు గానీ, ఉమ్మడి వీసా నడిచే షెంగెన్ దేశాల్లో ఉంది. మనిషికి 90 యూరోలు, ఆపైన వీసా సెంటరు సర్వీసు చార్జి. ఆ ఫైలు సర్దడంలో నేనూ ఓ చెయ్యి వేశాను కాబట్టి అనుభవంతో చెబుతున్నా, అందులో పేజీలు ఎన్నున్నా ప్రశ్న ఒక్కటే. తిరిగొస్తారా, రారా? జీతం స్లిప్పులు అందుకే, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు అందుకే. ఆఫీసు ఇచ్చే ఉత్తరంలో సెలవు మంజూరైందని ఉంటే చాలదు, ఫలానా తేదీన మళ్లీ డ్యూటీలో చేరతాడని కూడా ఉండాలి. అల్లుడి ఫ్లాటు మీద ఇంకా పద్దెనిమిదేళ్ల ఈఎంఐ మిగిలి ఉందని బ్యాంకు రాసిచ్చిన కాగితం చూశాక, ఈ కుర్రాడు ఏ దేశం పోయినా తిరిగి రాక తప్పదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. అకౌంటు నిండుగా కనపడాలని మా వియ్యంకుడుగారు నాలుగు లక్షలు వేశారు. ఉన్నట్టుండి అంత పడితే అనుమానిస్తారని ఏజెంటు చెప్పడంతో, ఆ డబ్బు ఎవరిదో, ఎందుకిచ్చారో వివరిస్తూ ఇంకో ఉత్తరం.

ఇద్దరి ప్రయాణం కదా, ఆ ఇద్దరూ ఒకరికొకరు ఏమవుతారన్న ప్రశ్న కూడా వచ్చింది. అమ్మాయి పాస్‌పోర్టులో ఇంకా మా ఇంటిపేరే ఉంది. అల్లుడి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో లేదు, అసలు పేరుతో కలిసి పక్క గడిలో ఉంది. కాగితం ప్రకారం వాళ్లు ఎక్కడా కలవరు. పెళ్లి అన్నవరంలో ఘనంగా జరిగింది, బంతుల మీద బంతులు భోజనాలు లేచాయి, రిజిస్ట్రేషన్ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఇప్పుడు శుభలేఖ, ఫొటోలు, సాక్షుల్ని వెంటేసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, సంతకాలు పెట్టి, మంచు కోసం మళ్లీ దంపతులయ్యారు. సత్యదేవుడి సాక్ష్యం షెంగెన్‌లో చెల్లలేదు.

ఆ తర్వాత ఇన్సూరెన్స్. కనీసం 30,000 యూరోల పాలసీ లేనిదే దరఖాస్తు తీసుకోరు. అత్యవసర వైద్యం, ఆస్పత్రి, జబ్బుపడితే స్వదేశానికి తరలింపు, ప్రాణం పోతే ఆ ఖర్చు కూడా అందులో ఉండాలి. అంటే వీసా ఫైలేమో బతికుంటే తిరిగొస్తామని హామీ, పాలసీయేమో ప్రాణం పోయినా తిరిగొస్తామని హామీ. సరే, ఇంత హామీ ఇచ్చిన పాలసీని అల్లుడు భూతద్దం పెట్టి చదివాడు. పెట్టె పోతే డబ్బిస్తారు, పాస్‌పోర్టు పోతే ఇస్తారు, విమానం ఆలస్యమైతే ఇస్తారు. శీతాకాల క్రీడల్లో తగిలే దెబ్బలకు మాత్రం ఇవ్వరు. వాళ్లు ఏ పని మీద వెళుతున్నారో ఆ ఒక్క పనినీ ఏరి పక్కన పెట్టారు. అదనంగా కడితే కలుపుతారు. అందులోనూ గుర్తులు పెట్టిన దారి వదిలి పక్క మంచులోకి పోతే ఎవరి కాలు వారిదే.

బోర్డు అద్దె ఫారం వచ్చేసరికి ఇల్లంతా హుషారైంది. ఎత్తు, బరువు, బూటు సైజు బాగానే నింపారు. 'మీ ప్రావీణ్యం' అన్న చోట అల్లుడు కాసేపు ఆలోచించి 'మధ్యస్థం' అని కొట్టాడు. తర్వాత గడి, ఏ కాలు ముందుంటుంది? ఎడమకాలు ముందుంటే రెగ్యులర్, కుడికాలు ముందుంటే గూఫీ అంటారట. తేల్చుకునే పద్ధతి కూడా ఉంది. మనిషిని చెప్పకుండా వెనక నుంచి తోయాలి, పడకుండా ఆపుకోవడానికి ఏ కాలు ముందుకేస్తే అదే.

"చిన్నమామయ్యగారూ, కాస్త మీరు తోయండి" అన్నాడు.

అల్లుణ్ణి వెనక నుంచి తోసే భాగ్యం, అదీ అతను అడిగి మరీ ఇచ్చేది, మామలకు జన్మలో ఒకసారి వస్తుంది. హాల్లో సోఫా జరిపి తోశాను. కుడికాలు పడింది. "కుడికాలే ముందు పెట్టాడు, మంచి శకునం" అంది మా వదిన. ఫారంలో గూఫీ అని పడింది.

పాసు కూడా పెద్దదే కొన్నారు. యుంగ్‌ఫ్రావ్ స్కీ ప్రాంతం మొత్తానిది, వాలులన్నీ కలిపితే 200 కిలోమీటర్ల పైమాటే. కొత్తగా చెక్కెక్కేవాళ్లకు అందులో పనికొచ్చేది ఊళ్లోనే ఉన్న బోడ్మి అనే చిన్న వాలు. అక్కడ అయిదేళ్ల పిల్లలు వీళ్లని చుట్టి పోతుంటారు. మొదట్లో అందరూ పడేది అయితే నడుము కింద, లేకపోతే చేతుల మీద. అందుకే ఈ ఆటలో కొత్తవాళ్లకు ఎక్కువగా విరిగేది మణికట్టు. సరంజామా జాబితాలో జాకెట్లు మూడు, కళ్లద్దాలు రెండు జతలు, ఫొటోలకు ఎర్ర టోపీ ఉన్నాయి. మణికట్టు గార్డులు లేవు. మా వదిన నెయ్యి సీసా కూడా సర్దింది. మన దేశం నుంచి పాల పదార్థాలు అక్కడికి రానివ్వరని చెబితే నామీద అలిగి, ఆవకాయ జాడీ ఇంకొంచెం నొక్కి నింపింది.

ఇంతా చేసి అక్కడ మంచుందా అంటే, చాలా చోట్ల ఫిరంగుల్లాంటి యంత్రాలతో నీళ్లు చిమ్మి తయారు చేసుకుంటున్నారు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ మంచులో 10 శాతం పోగొట్టుకున్నాయి. దాన్ని తిరిగి రమ్మని ఏ ఆఫీసూ ఏ ఉత్తరమూ అడగలేదు. తిరిగొస్తామని మన జంట మాత్రం కాగితాలు కట్ట కట్టి ఇచ్చింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇలాంటి సంకల్పంలో ఉంటే నా మాటగా చెప్పండి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే పెట్టుకోవచ్చు, ఆఖరి పదిహేను రోజుల దాకా ఆగొద్దు. జనవరి మధ్యలో వెంగెన్ చుట్టుపక్కల గది వెతకొద్దు. పాలసీలో శీతాకాల క్రీడలు కలిపించుకోండి. అద్దె ఫారంలో కొత్తవాళ్లమని నిజం రాయండి, మణికట్టు గార్డులు ఇక్కడే కొనుక్కోండి. పెళ్లి ఇంకా రిజిస్టరు కాకపోతే, స్విట్జర్లాండ్ వెళ్లినా వెళ్లకపోయినా, రేపే వెళ్లి ఆ పని చూసుకోండి.