అల్లం వారి ఆక్రమణ

అయ్యా, సాటి గృహస్థులారా! మీ ఇంట్లో ఒక బాల్కనీ ఉండి, ఆ బాల్కనీలో పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నానికి నీడ పడే చోటు ఒకటుండి, ఆ చోట మీ పడక్కుర్చీ ఉంటే తక్షణం వెళ్లి దాని మీద కూర్చోండి. ఎవరు పిలిచినా లేవకండి. అల్లానికి కావలసింది సరిగ్గా ఆ చోటే. నిండు ఎండ దానికి పడదు, చీకటి పనికిరాదు, లేత ఎండా పలచటి నీడా కావాలి. నాకూ అవే కావాలి. కానీ నేను మొలకెత్తను.

ఈ విపత్తుకు బీజం మా కూరగాయల బుట్టలోనే పడింది. ఉగాది వెళ్లాక ఒకరోజు, అడుగున మరచిపోయిన అల్లం కొమ్ము తనంతట తానే పచ్చటి కన్ను తెరిచింది. మా ఆవిడ దాని వంక చూసిన చూపు, మా పెద్దాడు ఇంజనీరింగు పాసైన రోజున కూడా ఆవిడ కళ్లలో నాకు కనబడలేదు. తొట్టి కోసం గాలింపు మొదలైంది. అల్లం లోతుకు కాదు, పక్కలకు పాకుతుందట. కాబట్టి బకెట్టు తిరస్కృతమైంది. నేను రాత్రిళ్లు గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకునే వెడల్పాటి టబ్బు ఏకగ్రీవంగా ఎన్నికైంది. నా ఓటు అడగలేదు. నీళ్లు నిలవకూడదని దాని అడుగున చిల్లులు పొడిచారు.

ఎర్రమట్టి వచ్చింది, మాగిన పశువుల ఎరువు వచ్చింది, కోకోపీట్ వచ్చింది, వేపపిండి వచ్చింది, వాటన్నిటి బిల్లూ వచ్చింది. ఒక్కో ముక్కకు రెండేసి కళ్లుండేలా కొమ్మును కోసి, కోసినచోట తడి ఆరనిచ్చి, కళ్లు పైకుండేలా రెండంగుళాల లోతున పాతారు. కోళికోడ్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ వరద, మహిమ వంటి మేలు రకాలను విడుదల చేసిందని నేను వినయపూర్వకంగా మనవి చేశాను. మా దుంప వంశచరిత్ర ఎవరికీ తెలియదు. అయినా మర్యాదలు రాచబిడ్డకే.

ఇక నీళ్ల వ్యవహారం. బుట్టలో ఎవరూ అడక్కుండానే మొలిచిన ఘనురాలు, మట్టిలో పెట్టాక వారాల తరబడి మౌనదీక్ష పట్టింది. అలా పట్టడం దాని జాతికి మామూలేనట. పైమట్టి ఎండితే తప్పు, అడుగుమట్టి చిత్తడైతే మహాపరాధం, ఎందుకంటే దుంపకుళ్లు వస్తుంది. అది వస్తే ఆకులు పసుపుబారతాయి, పిలక పట్టుకుని లాగితే చేతికి ఊడొస్తుంది, దుంప లోపల మెత్తబడి కంపు కొడుతుంది, ఆపైన చేయగలిగింది ఏమీ ఉండదు. అందుచేత వానాకాలంలో జల్లు కొట్టిన ప్రతిసారీ ఆ టబ్బును లోపలికి ఈడ్చే బాధ్యత ఈ నడుముకే దక్కింది. తీగ మీద నా చొక్కాలు అలాగే తడిశాయి.

మెంతికూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది. బెండ రెండు నెలల్లోపే కాస్తుంది. అల్లం ఎనిమిది నుంచి పది నెలలు తీసుకుంటుంది. పెసరట్టు మాత్రం ప్రతి ఆదివారమూ వస్తుంది.

ఈ నిరీక్షణకు నైతిక మద్దతు ఇచ్చింది మా పై అంతస్తు పెద్దాయన. ఉద్యోగ విరమణ తరువాత ఈ అపార్ట్‌మెంటు ఆరోగ్యశాఖను స్వచ్ఛందంగా స్వీకరించిన మనిషి. “అల్లంలో లేని పోషకం లేదండీ!” అన్నారు. లెక్కలు తీశాను. 100 గ్రాముల పచ్చి అల్లంలో దాదాపు 80 గ్రాములు నీరే. శక్తి సుమారు 80 కేలరీలు, పొటాషియం 415 మిల్లీగ్రాములు, విటమిన్ సి 5 మిల్లీగ్రాములు. అంతే బరువు జామకాయలో ఆ విటమిన్ 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. పైగా పూటకు 100 గ్రాముల అల్లం నమిలే మనిషి ఎక్కడున్నాడు? మన టీలో పడేది రెండు మూడు గ్రాములు. దాంతో ఒనగూరే పొటాషియం పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల. దానికి నా టబ్బు బలి.

న్యాయం న్యాయమే, దాని సత్తా విటమిన్లలో కాదు, ఘాటులో ఉంది. పచ్చి అల్లానికి మంట పెట్టేది జింజెరాల్. ఎండబెడితే అది షోగాల్‌గా మారి ఇంకా మండుతుంది, శొంఠి అంత గట్టిగా అంటుకునేది అందుకే. ఉడికిస్తే కొంత జింజెరోన్‌గా మారి మెత్తబడుతుంది. వేవిళ్లలో వికారానికి కాస్త ఉపశమనం ఇస్తుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. కానీ రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు కషాయం గ్లాసులకు గ్లాసులు పట్టించే ముందు డాక్టరును అడగాలి. ఆ మందులే మింగుతున్న పెద్దాయనకు ఈ మాటే చెప్పాను. అల్లమంటే తెలియదా, బెల్లంలా పుల్లగా ఉంటుందన్న మహానుభావుడు ఈయన ముత్తాతే అయ్యుండాలి. చెబుతుండగానే రెండో గ్లాసు ఎత్తారు.

సంక్రాంతి దగ్గరపడేసరికి ఆకులు పండి వాలిపోయాయి. నేను సంతాప తీర్మానం సిద్ధం చేసుకుంటుండగా, అది చావు కాదు, పక్వమని తేల్చారు. నీళ్లు ఆపి, కాడలు ఎండాక తవ్వారు. కొమ్ములు, కొమ్ములకు పిల్లకొమ్ములు, నిజం చెప్పొద్దూ, ముచ్చటగానే ఉన్నాయి. బలమైనవి వచ్చే ఏటి విత్తనానికి పోయాయి. వంకర లేనివి వియ్యపురాలికి చూపించడానికి పోయాయి. మిగిలినవి ‘అప్పుడే ముట్టుకోకండి’ పద్దు కింద భద్రమయ్యాయి. పండగనాడు పెసరట్టు పిండి రుబ్బుతూ, “ఇంట్లో పండిన అల్లాన్ని పచ్చడికి వాడతామా అండీ?” అని మా ఆవిడ నా చేతికి సంచీ ఇచ్చింది.

కొట్లో ఉన్నది జహీరాబాద్ అల్లమన్నారు. ఆ నేలల్లో రైతులు దాన్ని ఎకరాల లెక్కన పండిస్తారు, ఊళ్లో ఎవరి టబ్బూ లాక్కోకుండా. పావుకిలో తెచ్చాను. అందులోంచి కూడా కళ్లున్న ముక్కలు ఏరి పక్కన పెట్టింది.