బాగున్నప్పుడే చేరాల్సిన చోటు

మా ఆవిడ మాట వినకపోవడం నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. మిగతావన్నీ దాని వెనకే వచ్చాయి. ఇంటి సంగతులు బయటపెట్టుకోవడం ఎందుకని చాలాకాలం ఊరుకున్నాను. కానీ ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఉంటున్న నా ఈడు తెలుగువాళ్లు ఇప్పుడు ముసలితనంలో ఎక్కడ ఉండాలన్న నిర్ణయం గురించి నాకు ఫోన్ చేసి అడుగుతున్నారు. వాళ్లకి సగం చెప్పి సగం దాచడానికి మనసొప్పడం లేదు.

1965లో అమెరికా వలస చట్టం మారాక డిగ్రీలు పట్టుకుని వచ్చిన తరం మాది. ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు, గుడి కట్టుకోవడం, అన్నీ పడుతూ లేస్తూ నేర్చుకున్నాం. నేర్చుకోనిది ముసలితనం ఒక్కటే. మా అమ్మా నాన్నా గుంటూరు జిల్లాలో మా అన్నయ్య దగ్గరే ఉండి వెళ్లిపోయారు. నేను డబ్బు పంపాను, సెలవులకి వెళ్లి పక్కన కూర్చున్నాను. అర్ధరాత్రి లేపి పట్టుకుని నడిపించింది మా వదిన. మందులు వేసిందీ, పక్కబట్టలు ఉతికిందీ ఆవిడే. ఆ చాకిరీ ఎంతటిదో కళ్లారా చూడని నేను, మా ఇద్దరి ముసలితనం కూడా ఎలాగోలా గడిచిపోతుందనుకున్నాను.

నిజానికి వయసు మళ్లినవాళ్ల సంరక్షణలో మా ప్రాంతానికి అమెరికాలో పాత పేరుంది. క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు ఇక్కడ 1967లో గ్విన్నెడ్‌లో ఫోక్‌వేస్‌ని, 1973లో కెన్నెట్ స్క్వేర్ దగ్గర కెండాల్ ఎట్ లాంగ్‌వుడ్‌ని తెరిచారు. నర్సింగ్ హోముల్లో ముసలివాళ్లని కుర్చీలకీ మంచాలకీ కట్టేయడం మామూలైన రోజుల్లో, కట్టకుండానే చూసుకోవచ్చని కెండాల్ నిరూపించింది. ఇలాంటివాటిని కంటిన్యూయింగ్ కేర్ రిటైర్‌మెంట్ కమ్యూనిటీలు అంటారు. ఆరోగ్యంగా ఉండగానే వెళ్లి సొంత అపార్ట్‌మెంట్‌లోనో కాటేజీలోనో ఉంటాం. స్నానానికీ మందులకీ ఒకరి సాయం కావలసివస్తే పర్సనల్ కేర్, మతిమరుపు ముదిరితే మెమరీ కేర్, మంచాన పడితే స్కిల్డ్ నర్సింగ్, అన్నీ ఆ ఆవరణలోనే ఉంటాయి. ఇద్దరిలో ఒకరికి జబ్బు చేసినా రెండోవాళ్లు నడిచి వెళ్లి పక్కన కూర్చోవచ్చు. చేరేటప్పుడు ప్రవేశ రుసుముగా పెద్ద మొత్తం కడతాం. ఆ తర్వాత నెలనెలా కడుతూ ఉంటాం.

మా పక్కింటి దంపతులు అలాంటి చోట చేరితే చూడ్డానికి వెళ్లాం. ఆ రోజునుంచీ మా ఆవిడది ఒకటే మాట. "ఇద్దరం బాగున్నప్పుడే వెళ్దామండీ. ఆలస్యమైతే మనల్ని ఎవరో తీసుకెళ్లి పెట్టాల్సొస్తుంది" అంది. నాకు కోపం వచ్చింది. పిల్లలుండగా మనకిదేం ఖర్మ అన్నాను. గుళ్లో కనిపించేవాళ్లకి ఏం చెప్పుకుంటాం అన్నాను. దిక్కులేనివాళ్లని చేర్చుకునే వృద్ధాశ్రమమూ, మన సొమ్ముతో మనం ఏర్పాటు చేసుకునే ఈ చోటూ నా కళ్లకి ఒకటిగానే కనిపించాయి. అమ్మాయి కూడా వాళ్లమ్మ వైపే మాట్లాడింది. "నాన్నా, ఎప్పుడు పిలిచినా వస్తాను. కానీ నా ఉద్యోగం, పిల్లలు ఇక్కడ. రోజూ మీ దగ్గరుండలేను" అంది. అంత నిజాయితీగా మాట్లాడిన బిడ్డ మీద అలిగి కొంతకాలం సరిగ్గా మాట్లాడలేదు.

అప్పట్లో నాకు తెలియని అసలు విషయం ఒకటుంది. పెన్సిల్వేనియాలో ఈ కమ్యూనిటీల మీద అజమాయిషీ రాష్ట్ర ఇన్సూరెన్స్ శాఖది. 1984లో చట్టం చేసి ఆ శాఖకే అప్పగించారు. ఎందుకో ఆలోచిస్తే విషయమంతా అందులోనే ఉంది. మనం అక్కడ కొనేది ఇల్లు కాదు, రాబోయే అశక్తతకి బీమా. మామూలుగా అపార్ట్‌మెంట్ మన పేర రిజిస్టర్ కాదు. మన చేతిలో ఉండేది ఒప్పందం ఒక్కటే.

ఆ ఒప్పందాలు ముఖ్యంగా మూడు రకాలు. 'ఏ' రకాన్ని లైఫ్ కేర్ అంటారు. మొదట్లో ఎక్కువ కట్టాలి గానీ, రేపు నర్సింగ్‌కి మారినా నెలవారీ రుసుము పెద్దగా మారదు. 'బి' రకంలో సంరక్షణ కొన్ని రోజుల వరకో, కొంత తగ్గింపు ధరకో దొరుకుతుంది. 'సి' రకంలో ముందు తక్కువ కడతాం, అవసరం వచ్చాక అప్పటి పూర్తి ధర కడతాం. 'ఏ' రకంలో మన జబ్బు ఖర్చు సంస్థ నెత్తినేసుకుంటుంది కాబట్టి, చేర్చుకునే ముందు ఒంటినీ జ్ఞాపకశక్తినీ పరీక్షిస్తారు. ఇల్లు అంటుకున్నాక అగ్నిబీమా ఎవరూ ఇవ్వరు.

మా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోవడం, రోజూ వెళ్లే దారిలో కారాపుకుని ఎటు తిరగాలో అడుగుతూ ఫోన్ చేయడం మొదలయ్యాకే నాకు భయం పట్టుకుంది. లైఫ్ కేర్ ఇచ్చే ఒకచోట దరఖాస్తు పెట్టాను. పరీక్షలయ్యాక వాళ్లు మర్యాదగా చెప్పారు: నన్ను చేర్చుకోగలరు, ఆమెని ఆ ఒప్పందం మీద చేర్చుకోలేరు. ఇద్దరం వెళ్దామని ముందుగా అడిగింది ఆమె. కాదన్నది నేను. శిక్ష మాత్రం ఆమెకి పడింది. ఇంటికొచ్చే దారిలో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. జరిగిందేమిటో ఆమెకి అంతగా అర్థం కాలేదు. తిట్టినా భరించేవాణ్ని, అది భరించలేకపోయాను.

అప్పటికైనా నిదానించలేదు. కంగారు కొద్దీ ఇంకోచోటు చూశాను. అది 'సి' రకం. వంటింటి దిక్కు చూశాను, దేవుడి మూల చూశాను, భోజనశాలలో శాకాహారం దొరుకుతుందా అని అడిగాను. ప్రవేశ రుసుము తక్కువని సంతోషించాను. ఒప్పందం పూర్తిగా చదవకుండా సంతకం పెట్టాను. జీవితమంతా కాంట్రాక్టులు చదవడమే ఉద్యోగంగా చేసిన ఇంజనీర్ని. కంపెనీ డబ్బు విషయంలో చూపిన శ్రద్ధ మా ఆవిడ విషయంలో చూపలేదు.

నర్సింగ్ అవసరమైతే ఆ ఖర్చు వయసు మళ్లినవాళ్లకుండే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఇస్తుందిలే అనుకున్నాను. మెడికేర్ ఇచ్చేది, ఆసుపత్రిలో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి వచ్చాక స్కిల్డ్ నర్సింగ్‌కి, అదీ గరిష్ఠంగా 100 రోజులు. 20 రోజులు దాటితే మన వంతు మొదలవుతుంది. ఆసుపత్రి వాళ్లు అబ్జర్వేషన్ కింద రాసుకున్న రోజులు ఆ మూడింటిలోకి రావు. స్నానం చేయించడం, తినిపించడం, తప్పిపోకుండా కనిపెట్టుకుని ఉండడం, కావలసింది ఇంతవరకే అయితే అసలు ఇవ్వదు. దీర్ఘకాలం ఆదుకునేది, లేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే మెడికెయిడ్. జీవిత భాగస్వామికి చట్టం వదిలే భాగం పోను మిగిలిన పొదుపంతా దాదాపు కరిగాకే అది దొరుకుతుంది. అంతకుముందు అయిదేళ్లలో పిల్లలకిచ్చిన డబ్బుకీ లెక్క చెప్పాలి.

మెమరీ కేర్‌లో గది 'ఖాళీని బట్టి' ఇస్తామని మా ఒప్పందంలో రాసి ఉంది. అవసరం వచ్చేసరికి ఖాళీ లేదు. ఆమెని వేరే ఊళ్లో ఇంకో సంస్థలో చేర్చాల్సివచ్చింది. వదిలి వెళ్లిపోదామంటే, ప్రవేశ రుసుములో వెనక్కి రావాల్సిన భాగం మా అపార్ట్‌మెంట్‌లోకి మరొకరు వచ్చాకే ఇస్తామన్నారు. అదీ ఒప్పందంలో ఉన్నదే. నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలని కదా ఇలాంటి చోటికి వచ్చేది! నేను మంచు పడే రోజుల్లో కూడా హైవే మీద కారు నడుపుకుంటూ వెళ్లి ఆమెని చూసి వస్తున్నాను.

ఇక్కడి బడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషికి ఇప్పుడు ఇంగ్లీషు రాదు. తెలుగు మాత్రమే మిగిలింది. ఈ పరిస్థితి ముందే ఊహించి, తెలుగు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడగాలని కూడా నాకు తోచలేదు. నీళ్లు, నొప్పి, చలి, ఆకలి అన్న మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి మంచం పక్కన గోడకి అంటించాను. లైబీరియా నుంచి వచ్చిన ఒక నర్సింగ్ ఎయిడ్ వాటిని ఓపిగ్గా నేర్చుకుంది. ఆ అమ్మాయి "నీళ్లు" అంటే మా ఆవిడ గ్లాసు అందుకుంటుంది. ఆ పిల్లకి చేతులెత్తి దణ్ణం పెడతాను.

నా వయసువాళ్లకీ, నాకన్నా చిన్నవాళ్లకీ చెప్పేదొక్కటే. ఇంట్లోనే ఉండిపోవాలనుకుంటే ఉండండి, తప్పు లేదు. కానీ ఎవరు చూస్తారో, డబ్బెక్కడిదో తేల్చుకుని ఉండండి. కమ్యూనిటీలో చేరాలనుకుంటే ఇద్దరూ ఆరోగ్య పరీక్ష నెగ్గగలిగినప్పుడే దరఖాస్తు పెట్టండి. సంతకానికి ముందు చట్టప్రకారం వాళ్లివ్వాల్సిన డిస్‌క్లోజర్ స్టేట్‌మెంట్ తీసుకోండి. అందులో సంస్థ లెక్కలు, నెలవారీ రుసుము ఏటా ఎంత పెరుగుతూ వచ్చిందో చూడండి. గది ఖాళీ లేకపోతే ఎక్కడికి పంపుతారో, ఆ ఖర్చెవరిదో, కట్టిన సొమ్ము ఎప్పుడు తిరిగిస్తారో రాతపూర్వకంగా అడగండి. పెద్దవాళ్ల వ్యవహారాలు చూసే ఎల్డర్ లా లాయరుకి డబ్బిచ్చి ఒప్పందం చదివించండి. అన్నిటికన్నా ముందు, మీ ఇంట్లో ఎవరైనా ఈ మాట ఎత్తితే, దయచేసి కోపగించుకోకుండా కూర్చుని వినండి.